రాళ్ళు, వజ్రాలు, కొండపిండాకు

2003 ఏప్రిల్ మొదటి వారంలో సెలవు కోసం మా మేనేజరు గారి ముందు నిలబడ్డాను. కారణం అడిగారు. "స్టోన్స్ సార్" అన్నాను. ఆయన ఫైలు మూసి, కళ్ళజోడు తీసి, నా నడుము వైపు జాలిగా చూశారు.

"కుడివైపా, ఎడమవైపా?"

రోలింగ్ స్టోన్స్ అనే బ్యాండు ఒకటుందనీ, అది 1962లో లండన్‌లో మొదలైందనీ, నలభై ఏళ్ళకు మన దేశంలో మొదటిసారి కచేరీ పెడుతోందనీ, ఏప్రిల్ 4న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి నేను వెళ్ళి తీరాలనీ చెప్పాలి. మార్చి క్లోజింగ్ లెక్కలు ఇంకా తేలని ఆఫీసులో ఆ మాట చెప్పేంత గుండె నాకు లేదు. "ఎడమవైపు సార్" అన్నాను. మూడు రోజులిచ్చారు. పైగా కొండపిండాకు పప్పులో వేసుకుని తినమన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. మంచి మనిషి కదా, సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడను పరామర్శించారు. శుక్రవారం రాత్రి స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ బెంగళూరు స్టేజీ మీద గంతులేస్తున్న వేళకి నేను సికింద్రాబాద్‌లో ఓ స్కానింగ్ సెంటర్లో రెండు లీటర్ల నీళ్ళు తాగి బెంచీ మీద మెలికలు తిరుగుతున్నాను. రిపోర్టు వచ్చింది. 4 మిల్లీమీటర్ల రాయి. ఎడమవైపే.

"ఇంత బాధ పెట్టుకుని ఒక్క ముక్కైనా చెప్పలేదేమండీ" అని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నావి కూడా నిజమైన కన్నీళ్ళే. కారణాలే వేరు.

2005లో 'ఎ బిగ్గర్ బ్యాంగ్' ఆల్బమ్ వచ్చింది. ఇక అంతే. మళ్ళీ సొంత పాటలతో ఇంకో ఆల్బమ్ రావడానికి 18 ఏళ్ళు పట్టింది. ఈలోగా 2016లో ఒకటి తెచ్చారు గానీ, అందులో ఉన్నవన్నీ పాత బ్లూస్ పాటలు. రాత్రి అన్నానికి పొద్దున పోపు పెట్టినట్టు. రుచికి లోటు లేదు, కానీ దాన్ని కొత్త వంట అనం కదా! ఆ 18 ఏళ్ళలో ఉమ్మడి రాష్ట్రం రెండయింది, మెట్రో జూబ్లీ బస్ స్టేషన్ దాకా వచ్చింది, నేను రిటైరయ్యాను. మా కార్ఖానా ఏరియా మెయిన్ రోడ్డు దాటడం తప్ప ప్రపంచంలో అన్నీ సులువయ్యాయి.

ఇంత ఆత్రం నాకెందుకంటే, మాకూ ఓ బ్యాండు ఉండేది. కాలేజీ రోజుల్లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నలుగురం వాయించేవాళ్ళం. నేను గిటారు, మా బావమరిది (అప్పటికింకా కాదు) బేసు. ఒక సాయంత్రం పక్కింటి పెద్దాయన గోడ మీంచి తొంగి చూసి, "ఏం బాబూ, లేత్ మిషన్ పెట్టిన్రా? పర్మిషన్ తీస్కున్రా?" అన్నాడు. కార్ఖానా అన్న పేరును మా ఏరియాలో ఆ మాత్రమైనా సార్థకం చేసింది మేమే. మొత్తం మీద ఒక పాట తయారైంది. రెండోది నలభై ఏళ్ళుగా తయారవుతోంది.

స్టోన్స్ సంగతీ కొన్నాళ్ళు అంతేనట. కాస్త రికార్డు చేయడం, వదిలేయడం. చివరికి జాగరే గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌తో, ఫిబ్రవరి 14 కల్లా ముగించేద్దామని గడువు పెట్టాడట. మన భాషలో చెప్పాలంటే ముహూర్తం. పిల్ల పెళ్ళి గురించి పదేళ్ళు మాట్లాడుకుంటాం, ముహూర్తం పడ్డాక పదిహేను రోజుల్లో పందిరి లేస్తుంది. పురోహితుడిగా, అంటే ప్రొడ్యూసర్‌గా, ఆండ్రూ వాట్ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నారు. 1990లో పుట్టినవాడు, అంటే మా అబ్బాయి కంటే చిన్న. స్టూడియోకి రోజుకో స్టోన్స్ టీషర్టు వేసుకొచ్చేవాడట. మా అబ్బాయి నా గిటారు మీద తడి తువ్వాలు ఆరేస్తాడు.

2023 అక్టోబర్ 20న ఆల్బమ్ విడుదలైంది. పేరు 'హ్యాక్నీ డైమండ్స్'. హ్యాక్నీ లండన్‌లో ఓ పేట. దొంగలు కిటికీయో కారు అద్దమో పగలగొట్టిపోతే రోడ్డు మీద మెరిసే గాజుముక్కల్ని అక్కడివాళ్ళు వెటకారంగా అలా అంటారు. ఈ సంగతి తెలిశాక మా సిగ్నల్ దగ్గర నడుస్తూ నేల వైపు చూశాను. ఆటోకీ కారుకీ మధ్య జరిగిన తాజా చర్చల తాలూకు ముక్కలు ఎండలో తళతళలాడుతున్నాయి. గోల్కొండ గొప్పే కాదనను, మా కార్ఖానా గని మాత్రం ఇంకా ఎండిపోలేదు.

సరిగ్గా ఆల్బమ్ విడుదలైన రోజే మూలా నక్షత్రం, సరస్వతీ పూజ. మా ఆవిడ పుస్తకాలతో పాటు గిటారుకీ బొట్టు పెట్టి పీట మీద నిలబెట్టింది. "ఇవాళ ముట్టుకోకండి" అంది, మిగతా రోజుల్లో నేనేదో ముట్టుకుంటున్నట్టు. వీధిలో బతుకమ్మ పాటల స్పీకర్లు. మేడ మీదకెళ్ళి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

పన్నెండు పాటలు. ఒక పాటలో బేసు వాయించింది పాల్ మెకార్ట్నీ! బీటిల్స్ వాళ్ళూ స్టోన్స్ వాళ్ళూ అంటే ఎన్టీఆర్ అభిమానీ ఏఎన్నార్ అభిమానీ ఒకే బెంచీ మీద కూర్చోని రోజుల్లాంటి గొడవ. ఇంకో పాటలో ఈ బ్యాండు పాత సభ్యుడు బిల్ వైమన్. ముప్పై ఏళ్ళ కిందట వేరుపడ్డ అన్న, గృహప్రవేశానికి వచ్చి ఓ చెయ్యేసి వెళ్ళినట్టు. రెండు పాటల్లో డ్రమ్స్ బ్యాండు డ్రమ్మరు చార్లీ వాట్స్‌వి. ఆయన 2021 ఆగస్టులో పోయాడు, 80 ఏళ్ళకి. ముందే వాయించి ఉంచినవి. ఆ రెండూ వింటున్నంతసేపు నేను మేడ మీద పచార్లు మానేసి కూర్చున్నాను.

చివరి పాట బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాతపాట. బ్యాండుకి పేరు వచ్చింది ఆ పాట నుంచే. దాన్ని రికార్డు చేయడానికి వీళ్ళకి 61 ఏళ్ళు పట్టింది. జాగర్, రిచర్డ్స్ ఇద్దరే. ఒక గిటారు, ఒక మౌత్ ఆర్గాన్. మిగతా హంగామా ఏదీ లేదు. ఆల్బమ్‌లో రెండు మూడు పాటలు తాలింపు ఎక్కువైన పులుసులా ఉన్నాయి గానీ, ఈ ఒక్కటీ చాలు.

కిందికొచ్చి మా ఆవిడకి వినిపించాను. "ఎంత వయసు?" అంది. "పాడేవాడికి 80. వాయించేవాడికి డిసెంబర్‌లో 80."

"మరి మీకు మెట్లెక్కితే మోకాళ్ళంటారేం?"

ఆ ఆల్బమ్‌కి 2025లో గ్రామీ కూడా వచ్చింది. వార్త చూసిన రాత్రే మా బావమరిదికి ఫోన్ చేశాను. "బావా, ముహూర్తం పెట్టేద్దాం" అన్నాడు. మేమూ ఫిబ్రవరి 14నే ఖాయం చేసుకున్నాం, ఏ సంవత్సరం అన్నది మాత్రం ఇంకా చర్చలో ఉంది. కీబోర్డు ఆయన వస్తానన్నాడు, షుగరు చూసుకుని. చిక్కంతా డ్రమ్స్ దగ్గరే వచ్చింది. మా డ్రమ్మరు డల్లాస్‌లో మనవడికి లాల పోస్తున్నాడు. ఆర్నెల్లకి తిరిగొస్తాడనుకుంటే కోడలికి మళ్ళీ నెల తప్పిందట.

కాబట్టి, కార్ఖానా, పికెట్, తిరుమలగిరి చుట్టుపక్కల 60 దాటిన డ్రమ్మరు ఎవరైనా ఉంటే దయచేసి కబురు చేయండి. సొంత డ్రమ్ములుండాలి. మనవలు ఇండియాలోనే ఉన్నవారికి ప్రాధాన్యం.