ఆక్స్ సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం

కంపెనీ స్టీరియోకు ఆక్స్ పెట్టబడును. వైరు కోయబడదు. ఈల వచ్చిన బాధ్యత లేదు.

అవతారిక

చంపాపేట్ మీదుగా కర్మన్‌ఘాట్ వైపు, అక్కడి నుంచి సాగర్ రింగ్ రోడ్డుకు పోయే దారిలో కారు డెకార్ దుకాణాల బోర్డులు ఏ భాషలో మాట్లాడతాయో ఆ భాషలోనే కూర్చిన ఈ సూత్రం మూడు వాక్యాలదే అయినా, మొదటిది విధి, రెండవది నిషేధం, మూడవది అపవాదం కావడం చేత శాస్త్రగ్రంథ లక్షణం దీనికి పూర్తిగా పట్టింది. శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం, అంటే గ్రంథారంభంలోనే తేల్చవలసిన నాలుగు సంగతులు, చెప్పక తప్పదు. ఫోన్‌లోని పాట విషయం. అది కారు స్పీకర్లలో వినబడడం ప్రయోజనం. రెండు కొసలా పిన్నులున్న వైరు సంబంధం. రేడియో, సీడీ మాత్రమే పలికే పాత కారును సెకండ్ హ్యాండ్‌లో కొని, బండి కండిషన్ బాగుందన్న తృప్తితో ఊరుకోలేనివాడు అధికారి. మెతుకుసీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ నియమం పెట్టుకొని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య చేశాడు. ఆ నియమం వ్యాఖ్యాతకంటే డ్యాష్‌బోర్డు విప్పేవాడికే ఎక్కువ అవసరమని ముందుముందు తేలుతుంది.

టీక

కంపెనీ స్టీరియోకు: కారుతో పాటు ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చిన సెట్టుకు అని అర్థం. ఆ సెట్టును ఊడదీసి కొత్తది పెట్టుకుంటే పోతుంది కదా, ఇంత ప్రయాస ఎందుకని శంక. ముఖం 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు ఉండే సింగిల్ డిన్ సెట్లకు, అంటే జర్మనీ ప్రమాణాల సంస్థ పేరుతో చెలామణి అయ్యే కొలతకు సరిపోయిన సెట్లకు, ఆ మాట చెల్లుతుంది. 2007లో వచ్చిన ఐ10 వంటి కార్లలో స్టీరియోను డ్యాష్‌బోర్డు వంపుకు తగ్గట్టే మలిచారు గనుక, దాన్ని తీస్తే మిగిలే సందుకు వేరే ఫ్రేము కొనాలి, ఆ ఫ్రేము రంగు పక్క ప్లాస్టిక్‌తో కలవదు. అందుచేత సెట్టును ఉంచుకునే దారి వెతకడమే న్యాయమని సమాధానం.

ఆక్స్: బయటి పరికరం నుంచి పాటను లోపలికి తీసుకునే అదనపు ద్వారం. దానిలోకి దిగే 3.5 మి.మీ. పిన్నుకు మూడు భాగాలు. కొస ఎడమ స్పీకరుకు, నడిమి పట్టీ కుడి స్పీకరుకు, మొదలు ఎర్తుకు చెందుతాయి. మైకున్న ఇయర్‌ఫోన్ పిన్నుకు నాలుగో భాగం కూడా ఉంటుంది గాని, ఇక్కడ దానితో పని లేదు.

పెట్టబడును: ఎక్కడ పెట్టబడును అన్నది సూత్రకారుడు చెప్పలేదు. ఈ మౌనం వల్లనే మతభేదాలు పుట్టాయి.

మొదటిది ఎఫ్ఎం మతం. సిగరెట్ సాకెట్లో గుచ్చిన చిన్న ట్రాన్స్‌మిటర్ పాటను రేడియో తరంగంగా మార్చి పంపితే, కారు రేడియో దాన్ని స్టేషన్ అనుకొని వినిపిస్తుంది. అయితే 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీలో హైదరాబాదు వరకే 91.1, 92.7, 93.5, 98.3, 101.9, 102.8 స్థానాలు నిండి ఉండగా ఖాళీ చోటు వెతుక్కోవాలి. దొరికినా ఎఫ్ఎం 15 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని మోయదు. రెండవది క్యాసెట్ మతం. ఫిలిప్స్ వారు 1963లో తెచ్చిన క్యాసెట్ ఆకారంలోనే ఉన్న డొల్లలో టేపుకు బదులు ఒక తీగచుట్ట ఉండి, హెడ్డుకు ఎదురుగా నిలిచి పాటను అయస్కాంత రూపంలో అందిస్తుంది. యుక్తి మెచ్చదగినదే గాని సీడీ సెట్టు ముందు నిష్ఫలం. మూడవది ఛేంజర్ మతం. కొన్ని సెట్ల వెనుక సీడీ ఛేంజర్ కోసం కప్లర్ ఉంటుంది, కాని ఛేంజర్ నుంచి ‘ఉన్నాను’ అనే డిజిటల్ సంకేతం వస్తే తప్ప సెట్టు ఆ ద్వారం తెరవదు; లేని ఛేంజర్ తరఫున సాక్ష్యం చెప్పే అడాప్టర్ కొనవలసి ఉంటుంది.

సిద్ధాంతం ఏమంటే, పాట పుట్టే చోటికీ వాల్యూమ్ నిర్ణయమయ్యే చోటికీ నడుమ కలపాలి. టేపు హెడ్డు దగ్గర సంకేతం మిల్లీవోల్టులోపే ఉంటుంది గనుక, అక్కడ వోల్టు దగ్గరికి పోగల ఫోన్ శబ్దాన్ని పోస్తే చెవులు పగిలే గరగర వస్తుంది. స్పీకర్ వైర్ల దగ్గర కలిపితే అంతకంటే ప్రమాదం. ఈ సెట్లలో స్పీకరు రెండు వైర్లూ సుమారు 6 వోల్టుల మీద నిలిచి ఉంటాయి, ఏ ఒక్కటీ ఎర్తు కాదు. టీడీఏ 7313 వంటి ఆడియో ప్రాసెసర్ ఐసీ, అంటే రేడియో, టేపు, సీడీలలో ఒకదాన్ని ఎంచి వాల్యూమ్ చూసే చిప్పు, ఉన్న సెట్టులో దాని ఇన్‌పుట్ కాళ్ళే సరైన స్థానం. మెకానిక్ సెట్టును బల్ల మీద విప్పి, స్క్రూడ్రైవర్ ఇనుపకడ్డీకి వేలు ఆనించి ఒక్కో కాలినీ తాకుతూ పోతాడు. స్పీకర్లో గుర్రుమన్న చోట ఆగుతాడు. ఆ కాళ్ళ మీద కూడా కొంత డీసీ వోల్టేజీ ఉంటుంది కాబట్టి, దాన్ని ఆపి పాటను మాత్రమే పోనిచ్చే కెపాసిటర్లను నడుమ సోల్డర్ చేయాలి. పిన్ను గుచ్చగానే పాత దారిని తెంపి, తీయగానే మళ్ళీ కలిపే స్విచ్ జాక్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. అది వాడితే సెట్టు పాత స్వభావం చెక్కుచెదరదు.

వైరు కోయబడదు: కప్లర్ విప్పి కప్లర్ బిగించడమే తప్ప, కారు వైరింగును కత్తిరించి టేపు చుట్టడం నిషిద్ధమని అర్థం. బ్యాటరీ కనెక్షన్ తీసిన తర్వాత కోడ్ అడిగే సెట్లూ ఉన్నాయి కనుక, ఆ కార్డు ఓనరు దగ్గర ఉందో లేదో విప్పకముందే అడగాలన్నది ఇందులో అంతర్గతం.

ఈల: ఇంజిన్ వేగంతో పాటు శ్రుతి పెంచుకునే సన్నని కూత. ఆల్టర్నేటర్ తన కరెంటును డయోడ్లతో డీసీగా మార్చినా కొన్ని అలలు మిగులుతాయి. ఫోన్ ఛార్జర్ ద్వారా ఒక ఎర్తు, ఆక్స్ వైరు ద్వారా ఇంకొక ఎర్తు బాడీకి చేరినప్పుడు, ఆ రెంటి మధ్య ఉన్న చిన్న వోల్టేజీ తేడా కరెంటై ఆక్స్ వైరులో పారి, పాటతో పాటు పెద్దదవుతుంది. ఎర్తును విడదీస్తూ పాటను అయస్కాంత క్షేత్రం ద్వారా దాటించే సమపాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ల ఐసోలేటర్ దీనికి మందు.

బాధ్యత లేదు: ఈల పుట్టడానికి ఇంజిన్ నడవాలి, ఛార్జర్ గుచ్చి ఉండాలి; కాని దుకాణంలో పరీక్ష ఇంజిన్ ఆపి, ఛార్జర్ లేకుండా జరుగుతుంది. కాబట్టి మెకానిక్ అబద్ధమాడలేదు, అతడికి ఈల వినబడలేదు.

తాత్పర్యం

ఫ్యాక్టరీ సెట్టును చెడగొట్టకుండా, వాల్యూమ్‌కు ముందున్న స్థానంలో జాక్ కలిపి, పాత వైరింగును ముట్టకుండా ఫోన్ పాటను స్పీకర్లకు చేర్చడం సాధ్యమే గాని, కూత రాకుండా చూసుకోవడం కొన్నవాడి వంతు అని భావం.

విశేషాంశం

2016లో ఐఫోన్ 7 ఆ 3.5 మి.మీ. పిన్ను దిగే రంధ్రాన్ని వదిలేయడంతో ఆక్స్ కాలం చెల్లిందని పూర్వపక్షం. ఆక్స్ ద్వారం తనలోకి వచ్చే పాట ఎక్కడిదని అడగదు; అందువల్ల నిన్నటి ఐపాడూ, నేటి టైప్-సీ డాంగిలూ, బ్లూటూత్ రిసీవరూ అన్నీ దానికి సమ్మతమే. లేని స్టేషన్‌నో లేని ఛేంజర్‌నో నటించే మతాలు ఆ నటన సాగినంత కాలమే బతుకుతాయి. ఉన్నదానికి అక్కరలేనిది చేర్చని సిద్ధాంతానికి ఆ భయం లేదు.

ఫలశ్రుతి

ఈ సూత్రాన్ని అర్థంతో సహా చదివినవాడు ఇంజిన్ ఆన్ చేయించి, ఛార్జర్ గుచ్చి, యాక్సిలరేటర్ నొక్కించి విన్న తర్వాతే డబ్బు ఇస్తాడు. చదవనివాడు ఎల్బీనగర్ చౌరస్తా చేరేలోపు మూడో వాక్యానికి అర్థం తనంతట తానే గ్రహిస్తాడు.