నా బానెట్ మీద తుపాకీ

నేను జీపును. శ్రీరాంపూర్ బొగ్గు గనుల దారుల్లో మనుషుల్ని మోయడం నా పని. అయినా నా జాతి కథను షికారు ఊసెత్తకుండా చెప్పలేను. ఒకప్పుడు దుప్పిని కొట్టాలంటే వేటగాడు గాలివాటం చూసుకోవాలి, ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా నడవాలి, చాలాసార్లు ఉత్తచేతులతోనే ఇల్లు చేరాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అడవి దారుల్లో మా సంఖ్య పెరిగింది. ఇక రాత్రిపూట సర్చ్‌లైటు వేస్తే చాలు, జంతువు కళ్లు చెదిరి నిలబడిపోయేది. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కోరియా సంస్థానపు రాజు 1947లో మూడు మగ చీతాలను కాల్చింది రాత్రి కారు ప్రయాణంలోనే. మన దేశంలో చివరి చీతాలు అవేనని చాలామంది లెక్క. 2022లో నమీబియా నుంచి 8 చీతాలను కూనో జాతీయ పార్కుకు తెచ్చుకోవాల్సి వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, వేటకు లైసెన్సులు ఇస్తున్న రోజుల్లోనే, బండి మీంచి వేటాడటాన్ని నిషేధించింది. వేటను ఒప్పుకున్నవాళ్లు కూడా నన్ను ఒప్పుకోలేదన్నమాట.

దానికి కారణం ఉంది. వాసన, అడుగుల చప్పుడు, నిలువెత్తు మనిషి ఆకారం: జంతువు శత్రువును పసిగట్టేది వీటితోనే. మనిషి నా మీద కూర్చుంటే నా పొగలో, మోతలో, రేకుల వెనక ఈ మూడూ మరుగున పడతాయి. పైగా సఫారీ బండి ఏ హానీ చెయ్యదని జంతువులు ఏళ్ల తరబడి నేర్చుకున్నాయి. ఆఫ్రికా పార్కుల్లో సింహాలు బండి పక్కనే పడుకుంటాయి. మా కవ్వాల్ అడవిలో జన్నారం సఫారీ నడిచేదీ ఆ నమ్మకం మీదే. అలాంటి బండిలోంచి పేల్చడం వేట కాదు, నమ్మించి చంపడం.

బానెట్ మీద తుపాకీ ఆనిస్తే గురి తప్పదు, జంతువు బాధపడకుండా చస్తుంది కదా అంటారు. ఆగిన బండి విషయంలో అది కొంత నిజమే. కానీ నేలమీద రాయికో చెట్టు కొమ్మకో ఆనించినా అదే గురి కుదురుతుంది. నా మీద ఎక్కేది గురి కోసం కాదు, నడక తప్పించుకోవడానికి. నడక తప్పితే ఒక్క రాత్రిలో ఎన్ని చంపొచ్చన్న దానికి కాళ్ల అలసట పెట్టే హద్దు కూడా పోతుంది. నడవలేని వికలాంగులకు, వృద్ధులకు దక్షిణాఫ్రికా నిబంధనలు బండిని అనుమతిస్తాయి. ఆ మినహాయింపులో న్యాయం ఉంది. కాళ్లున్నవాళ్లు దాని చాటున దాక్కోకూడదు.

ఈ ప్రాంతంలో జీపు షికారు ఎక్కడుంది, వేటగాళ్లు పెట్టే కరెంటు తీగలే కదా పులుల్ని చంపుతున్నాయి అంటే, ఒప్పుకుంటాను. 2019లో మందమర్రిలో పట్టుబడిన పులి చర్మం వెనక ఉన్నది కరెంటు తీగే. అయితే తీగలోనూ నాలోనూ ఉన్న తప్పు ఒకటే: చంపేవాడు జంతువు పసిగట్టేలా దాని ఎదుటికి రానక్కర్లేదు. ఇక మనిషి ప్రాణాల ప్రశ్న. 13 మందిని చంపిందని అధికారులు చెప్పిన అవని అనే ఆడపులిని 2018 నవంబర్ 2 రాత్రి, ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న యవత్మాల్ జిల్లాలో, హైదరాబాద్ షూటర్ జీపులోంచి కాల్చాడు. ఆత్మరక్షణ అన్నారు. ఊళ్ల భయం నిజం, పులిని ఆపాల్సిన అవసరమూ నిజం. కానీ ముందు మత్తిచ్చి పట్టాలన్నది ఆదేశం. అలాంటి వేళ నా రేకులు మనిషికి కాపుగా ఉండాలి, నా సీట్లో పశువైద్యుడు ఉండాలి, అతని చేతిలో మత్తు తుపాకీ ఉండాలి. ఆ పనికైతే ఏ అడవికైనా వస్తాను.