తక్కెట్లో సరస్వతి

పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే జాతి మనది. అది సరస్వతి అని ఊహ తెలిసినప్పుడే చెప్తారు. ఆ సరస్వతి ఎన్ని కిలోలుంటుందో మాత్రం ఏ ఇంట్లోనూ చెప్పరు. ఆ లోటును తపాలా శాఖ తీర్చింది. 2024 డిసెంబరు 18న పోస్టాఫీసు కౌంటర్లలో కంప్యూటరు తెర మీద నుంచి 'రిజిస్టర్డ్ బుక్ పోస్ట్' అనే సేవ మాయమైంది. ముందుగా చాటింపు లేదు, గోడకు నోటీసు లేదు. అంతకుముందు రోజు దాకా అయిదు కిలోల పుస్తకాల కట్ట ఎనభై రూపాయలకు దేశంలో ఏ మూలకైనా వెళ్లేది. ఆ రోజు నుంచి అదే కట్ట మామూలు పార్సిలైపోయి, రెండు వందల పైచిలుకు అడిగింది. లోపల మహాభారతమున్నా, మిక్సీ జారున్నా ఒకటే లెక్క. వేదాంతులు వందల ఏళ్లు మొత్తుకున్నా మనకు అబ్బని సమదృష్టిని ఒక సాఫ్ట్‌వేర్ మార్పు ఒక్క పూటలో సాధించి పెట్టింది. దీని వెనకున్న సిద్ధాంతం చిన్నదే: పుస్తకమూ ఒక సరుకే, సరుకన్నాక బరువును బట్టి కూలి ఇచ్చుకోవాల్సిందే. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అన్యాయాలన్నీ మొదట అలాగే వినిపిస్తాయి.

ముహూర్తం కూడా చూసి పెట్టినట్టే కుదిరింది. మర్నాడే హైదరాబాదు ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన మొదలైంది. తొమ్మిదో రోజున ఇక్కడ చెన్నైలో, నందనం వైఎంసీఏ మైదానంలో ఇంకొకటి. కొత్త సంవత్సరం రెండో తారీఖున విజయవాడలో మరొకటి. వేదిక మీద పుస్తకానికి శాలువా, కౌంటరు దగ్గర పుస్తకానికి తూకం. చదివే అలవాటు తగ్గిపోతోందని ఏటా బాధపడే ఆనవాయితీ మనకు ఎలాగూ ఉంది. ఆ బాధను కిలోల్లో కొలవడం మాత్రం ఆ ఏడే మొదలైంది. సంక్రాంతికి ఇంటికొచ్చిన అల్లుణ్ణి వీధి గుమ్మంలో హారతిచ్చి లోపలికి పిలిచి, పెరటి గుమ్మం దగ్గర భోజనానికి బిల్లు చేతిలో పెట్టినట్టుంది ఈ మర్యాద.

నాలుగున్నర నెలల గగ్గోలు తర్వాత ఉపశమనం వచ్చింది. 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' అమల్లోకి వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోలకు 100 రూపాయలు, వర్తించే పన్నులు అదనం. పార్సిల్ రేటుతో పోలిస్తే ఇది నిజంగా చవకే, ఆ మాట ఒప్పుకోవాలి. ఎనభై రూపాయలు వందయితే నాలుగో వంతు పెరిగినట్టని లెక్క తీసేవాళ్లు గిట్టనివాళ్లు, వాళ్లనలా ఉంచుదాం. అసలు చిక్కు పేరులో ఉంది. పాత సేవ పేరు 'బుక్ పోస్ట్'. లోపలున్నది అచ్చయిన పుస్తకమైతే చాలు, అది మంచిదా చెడ్డదా అని పోస్టుమాస్టరు అడిగేవాడు కాదు. కొత్త సేవ జ్ఞానాన్ని మాత్రమే మోస్తానంటోంది. చదువుకు సంబంధించినవి, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైనవి రావచ్చు. వాణిజ్య తరహావి, నిర్ణీత కాలానికి వెలువడేవి రాకూడదు. అంటే కౌంటరు వెనక కూర్చున్న ఉద్యోగి మీద, ఉన్న పనులు చాలవన్నట్టు, సాహిత్య విమర్శ కూడా పడింది. 'కన్యాశుల్కం' ఏ పద్దు కింద రాయాలి? గిరీశం వెంకటేశానికి చదువు చెప్పాడు కాబట్టి విద్యా సంబంధమనాలా, చెప్పిన చదువు తెలిసిందే కాబట్టి వాణిజ్యమనాలా? డిటెక్టివ్ నవల సంస్కృతిలోకి వస్తుందా? పాత 'చందమామ'ల కట్ట అయితే సందేహమే అక్కర్లేదు. బేతాళుణ్ణి విక్రమార్కుడు నెలనెలా క్రమం తప్పకుండా మోశాడు, అదే అతని అనర్హత. తలుపు మూసేసి, కిటికీ తెరిచి, ఆ కిటికీకి 'జ్ఞాన ద్వారం' అని బోర్డు కట్టడాన్ని సంస్కరణ అనుకోమంటున్నారు.

తూకం సంగతి కాస్త దగ్గర నుంచి చూద్దాం. తెలుగులో సగటు కథల సంపుటి డెమీ సైజులో 240 పేజీలుంటుంది, అంటే 120 ఆకులు. డెబ్భై జీఎస్ఎం కాగితమంటే చదరపు మీటరు డెబ్భై గ్రాములు తూగేదని అర్థం. ఆ లెక్కన లోపలి కాగితమే 250 గ్రాములు దాటుతుంది. అట్ట ఒక పదిహేను గ్రాములు. మూలలు నలగకుండా ఒక అట్టముక్క, పైన గోధుమరంగు కాగితం, దానిమీద టేపు. కాంటా మీద ఎర్రంకెలు 290 దగ్గర కాసేపు ఊగిసలాడి 306 దగ్గర ఆగుతాయి. ఆ ఆరు గ్రాములతో పుస్తకం పై స్లాబులోకి వెళ్తుంది. ఇక రచయితకు రెండు దారులే. అట్టముక్క తీసేసి పుస్తకం నలిగినా ఫర్వాలేదనుకోవాలి, లేదా ముందుమాట తీసేయాలి. రెండోది తెలుగు సాహిత్యానికి మేలే చేస్తుందని కొందరనొచ్చు, అది వేరే వ్యాసం. ఈ లెక్కే సాగితే రేపు సాహిత్య ప్రక్రియల తలరాతలు కూడా కాంటాయే రాస్తుంది. నాలుగు పాదాల నానీలకు మంచి రోజులొస్తాయి. విశ్వనాథవారి 'వేయిపడగలు' చూడగానే కౌంటరు దగ్గర జనం పడగ విప్పిన పామును చూసినట్టు పక్కకు జరుగుతారు. గజల్ గట్టెక్కుతుంది, మహాకావ్యం మునుగుతుంది. గొప్పతనాన్ని కాలం నిర్ణయిస్తుందనేవారు. ఇప్పుడు ఆ కాలానికి డిజిటల్ కాంటా ఒకటి బిగించారు.

ఈ బాధ చెన్నపట్నం తెలుగువాళ్లకు మిగతావాళ్లకన్నా ఒక పిసరు ఎక్కువ తెలియాలి. ఒకప్పుడు తెలుగు పుస్తకం ఇక్కణ్ణించే బయల్దేరేది. దూరంతో పని లేకుండా అర్ధణాకు ఉత్తరం దేశమంతా వెళ్లే పద్ధతి 1854లో వచ్చింది. వావిళ్లవారి సంస్థ మొదలైందీ ఆ ఏడాదే. 292, ఎస్ప్లనేడ్ అనే చిరునామా నుంచి కావ్యాలూ శతకాలూ తెలుగుదేశమంతటా ఇళ్లకు చేరాయి. వీపీపీలో, అంటే కట్ట అందుకునేటప్పుడు డబ్బు కట్టే పద్ధతిలో, పుస్తకం తెప్పించుకోవడమనే మాట తెలుగువాడి వాడుకలో స్థిరపడింది ఆ రోజుల్లోనే. కాశీనాథుని నాగేశ్వరరావు 'ఆంధ్రపత్రిక'ను 1914లో ఈ ఊరి నుంచే దినపత్రిక చేశారు, 1924లో 'భారతి', 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టారు. తలనొప్పికి అమృతాంజనం, తలలోకి గ్రంథమాల, రెండూ ఆయనవే. 1947లో 'చందమామ' ఉదయించిందీ ఈ ఆకాశంలోనే. తర్వాత అచ్చుయంత్రాలు విజయవాడకూ హైదరాబాదుకూ వెళ్లిపోయాయి. ఇవాళ చెన్నైలో ఒక తెలుగు పాఠకుడికి కొత్త పుస్తకం కావాలంటే ఆ ఊళ్ల నుంచి రావాల్సిందే. అంటే టపా దిక్కు మారింది. పంపించే ఊరు పుచ్చుకునే ఊరైంది. తెలుగు పుస్తకాల దుకాణం వీధి చివర ఉన్నవాడికి తపాలా రేటు ఒక వార్త. పరాయి రాష్ట్రంలో, చిన్న ఊళ్లో ఉన్నవాడికి అది ఏకంగా పుస్తకం ధరలో భాగం. బరువుకు కూలి అనే సమదృష్టి ఎవరి మీద ఎక్కువ పడుతుందో ఇక్కడ తేలిపోతుంది. దుకాణానికి ఎంత దూరంలో ఉంటే అంత భారం.

ఇక్కడ ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని అడుగుతాడు: తపాలా శాఖ నష్టాల్లో ఉంది కదా, పుస్తకాలు చదివేవాళ్ల సరదాకు పన్ను కట్టేవాళ్లెందుకు భరించాలి? మంచి ప్రశ్నే. శాఖ నష్టాల్లో ఉన్నమాట నిజం. ఆ నష్టంలో పెద్ద పాలు జీతాలదీ పింఛన్లదీ గానీ కథల సంపుటాలది కాదు. ఊళ్లోకి పోస్టుమాన్ పుస్తకం ఉన్నా వెళ్తాడు, లేకున్నా వెళ్తాడు. ఆ సంచిలో ఇంకో పుస్తకం పడితే పెరిగే ఖర్చు స్వల్పం. పైగా పుస్తకం తొందరపెట్టదు. వారం ఆలస్యమైతే కుళ్లిపోదు, కరిగిపోదు. ఇంత ఓపికగల సరుకు ఇంకేదీ ఉండదు. 2025 బడ్జెట్ ప్రసంగంలో తపాలా శాఖను పెద్ద లాజిస్టిక్స్ సంస్థగా మారుస్తామన్నారు. శుభం. కానీ లాజిస్టిక్స్ కంపెనీలు దేశంలో ఇప్పటికే బోలెడున్నాయి, లక్షన్నర పల్లె పోస్టాఫీసులున్నది ఒక్క తపాలా శాఖకే. తనకు మాత్రమే ఉన్నదాన్ని వదులుకుని అందరికీ ఉన్నదానికోసం పోటీ పడటాన్ని మన పల్లెల్లో వేరే మాటతో పిలుస్తారు. వ్యాపారానికి పుట్టిల్లు లాంటి అమెరికాలో, అదీ ఆర్థిక మాంద్యం ఇంకా వదలని 1938లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పుస్తకాల తపాలా రేటును పౌనుకు సెంటున్నరకు తగ్గించాడు. దాని వారసత్వంగా 'మీడియా మెయిల్' ఇవాళ్టికీ అక్కడ నడుస్తోంది. సోషలిజం వాసన పడని దేశమే పుస్తకాన్ని సరుకుల్లో కలపకూడదనుకుంది. మనం కలిపి చూశాం.

రెండో పెద్దమనిషి కుర్రవాడు. ఇంకా కాగితమేమిటి, ఈ-బుక్ పంపొచ్చు కదా అంటాడు. కిండిల్ 2016 చివర్లో అయిదు భారతీయ భాషలను చేర్చుకున్నప్పుడు అందులో తమిళం ఉంది, మలయాళం ఉంది, తెలుగు లేదు. తెలుగు ఈ-పుస్తకం కోసం మనవాళ్లు సొంతంగా తంటాలు పడ్డారు, ఆ శ్రమకు దండం పెట్టాలి. కానీ తెర మీద చదవలేని వయసువాళ్లు, ఒకే ఫోను నలుగురు పంచుకునే ఇళ్లు, ఊరి గ్రంథాలయం బల్లలు ఈ సలహాలో ఎక్కడా కనబడవు. మూడో పెద్దమనిషి, ఆన్‌లైన్ దుకాణం డెలివరీ ఉచితంగా ఇస్తోందిగా అంటాడు. ఉచితమనేది ఎవరి జేబులోంచి వస్తుందో అయిదొందల కాపీలు వేసుకునే చిన్న ప్రచురణకర్తను అడగాలి. కమీషన్‌లో పోతుంది, లేదా ధరలో కలుస్తుంది. అమ్మకానికి లేని పుస్తకం సంగతి వేరే. మిత్రుడికి కానుకగా పంపేది, విమర్శకుడికి పంపేది, చదివేసి ఇంకొకరికి పంపేది ఏ దుకాణంలోనూ డెలివరీకి రాదు. భాషలు చాలామటుకు ఈ అమ్మకానికి లేని పుస్తకాల మీదే బతుకుతాయి.

ఇక పన్ను. పుస్తకానికి జీఎస్టీ లేదని మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ పుస్తకమయ్యే కాగితానికి ఉంది, 2025 సెప్టెంబరులో అది 12 నుంచి 18 శాతమైంది కూడా. పార్సిలూ స్పీడ్ పోస్టూ లాంటి తపాలా సేవల మీదా ఉంది. బాటసారికి సుంకం లేదు, చెప్పులకూ దారికీ మాత్రం ఉందన్నట్టు. సముద్రాలు దాటాలంటే కథ ఇంకా పొడుగు. అమెరికా చిన్న పొట్లాల సుంకం మినహాయింపు ఎత్తేయడంతో 2025 ఆగస్టు చివర మన తపాలా శాఖ అక్కడికి బుకింగులు ఆపేసి, అక్టోబరు 15న గానీ మళ్లీ తెరవలేదు. డాలస్‌లో మనవడికి పెద్దబాలశిక్ష పంపుదామనుకున్న తాతయ్యలు ప్రపంచ వాణిజ్య యుద్ధంలో అలా ఒక పక్షమయ్యారు.

అన్నిటికన్నా పెద్ద మార్పు రేటులో లేదు, ఆ రేటు రాసే చేతిలో ఉంది. 1898 నాటి పోస్టాఫీసు చట్టం తెల్లదొరలు చేసిందే. అయినా ఉత్తరాలు, కార్డులు, బుక్ ప్యాకెట్లు, పత్రికల తపాలా రేట్లకు గరిష్ఠ పరిమితి ఆ చట్టం షెడ్యూలులోనే ఉండేది. దాన్ని దాటాలంటే పార్లమెంటుకు రావాలి, పదిమందిలో చెప్పాలి. 2024 జూన్‌లో అమల్లోకొచ్చిన కొత్త చట్టం ఆ షెడ్యూలును తీసేసి, రేట్ల నిర్ణయాన్ని తపాలా డైరెక్టర్ జనరల్ నిబంధనలకు వదిలేసింది. అందుకే ఒక సేవ చాటింపు లేకుండా పోగలిగింది, ఇంకొకటి వరంలా దిగిరాగలిగింది. వరంగా ఇచ్చింది రేపు శాపంగా వెనక్కి పోవడానికి ఒక సంతకం చాలు. పథకం పేరులో జ్ఞానం ఉంటే సరిపోదు. పుస్తకాల తపాలా రేటు, దాని గరిష్ఠ పరిమితి మళ్లీ చట్టంలోకి రావాలి. 'అచ్చయిన పుస్తకం' అన్న రెండు మాటలకు మించి దానికి నిర్వచనం ఉండకూడదు.

ఎందుకంటే పుస్తకాలు పంపించాలని అడుగుతున్నది ప్రభుత్వమే. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి కొత్త పుస్తకాన్నీ నెల రోజుల్లోగా సొంత ఖర్చుతో కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ మన ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికీ పంపించాలి. పంపకపోతే యాభై రూపాయల దాకా జరిమానా, దానిపైన పుస్తకం ధర. విజయవాడలో అచ్చయిన ఒక సన్నపాటి కవితా సంపుటిని జ్ఞాన్ పోస్ట్‌లో అతి తక్కువ స్లాబులో ఆ నాలుగింటికీ పంపితే తపాలా ఖర్చే పన్నులు కాక ఎనభై రూపాయలు. చట్టాన్ని పాటించడానికయ్యే టపా ఖర్చు, పాటించనందుకు వేసే ఆ జరిమానాను దాటిపోయింది.