థార్ సిద్ధం, డొంక ఏదీ?

రోడ్డు లేని ఊరికి కారెందుకని వెనకటికి పెద్దలు దెప్పేవాళ్లు. ఇప్పుడు రోడ్డు అక్కర్లేని కార్లే వచ్చాయి కాబట్టి ఆ దెప్పుడు చెల్లదు. నూజివీడులో పొద్దున్నే ఏ టిఫిన్ హోటల్ ముందైనా చూడండి, నల్ల థార్ ఒకటి ఆగి ఉంటుంది. గట్టు ఎక్కగలదు, వాగు దాటగలదు, ఇసుకలో దిగబడ్డా బయటపడగలదు. అది చేస్తున్న పనల్లా ఉప్మా పెసరట్టుకి వచ్చి వెళ్లడం. టైర్లకి దుమ్మంటితే ఆ సాయంత్రమే సర్వీసింగుకి పంపిస్తారు కూడాను.

ఇంతటి వీరుడు నిరుద్యోగిగా మిగిలిపోవడం చూడలేక నేనే ఒక ప్రతిపాదన రాశాను. మామిడి తోటల మధ్య, అచ్చంగా ప్రభుత్వ భూమి మీదుగా సాగే ఆఫ్‌రోడ్ ట్రైల్. 2024 డిసెంబరులో రాష్ట్రం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చేసింది. ఇక ఆలస్యం దేనికి?

ఇలాంటి పనిలో అమెరికావాళ్లు పండిపోయారు. ప్రభుత్వ భూముల్లో బండ్లు ఎక్కడ తిరగొచ్చో ఎక్కడ తిరగకూడదో తేల్చండి, నేల కోసుకుపోకూడదు, అడవి జంతువులు బెదరకూడదు, నడిచేవాళ్లకి అడ్డం రాకూడదు అని 1972లోనే నిక్సన్ ఉత్తర్వు ఇచ్చాడు. 2005లో వాళ్ల అటవీ శాఖ, మ్యాపులో చూపించిన దారుల్లోనే బండి నడవాలని నిబంధన పెట్టింది. యూటాలో మోయబ్ అనే చిన్న పట్నం 1967 నుంచి ఈస్టరు రోజుల్లో జీపుల జాతర చేస్తోంది. పాపం వాళ్ల తంటా ఏమిటంటే, ముందు బండ్లు తిరిగి అడ్డదిడ్డంగా దారులు పడ్డాయి, తీరిగ్గా కూర్చుని మ్యాపు ఆ తరవాత గీసుకోవాల్సి వచ్చింది. మనకా శ్రమ లేదు. మన దగ్గర మ్యాపు తాతల నాటి నుంచీ ఉంది. లేనిది దారే.

నూజివీడు జమీందారీ సీమ. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక డొంకలు, చెరువులు, బంజర్లు, అడవులు అన్నీ సర్కారు పరమయ్యాయి. సర్వే కొలతల పుస్తకం, అదే ఎఫ్‌ఎంబీ, తీసి చూస్తే ఏ సర్వే నంబరు పక్కన డొంక ఎన్ని లింకుల వెడల్పో రాసి ఉంటుంది. వంద లింకులంటే అరవై ఆరు అడుగులు. కాగితం మీద ఎడ్లబండికి ఎడ్లబండి ఎదురొచ్చినా ఇబ్బంది లేని దారులవి.

నేల మీద సంగతి వేరు. డొంక ఒక్క రాత్రిలో మాయం కాదు, అదంతా ఓపికతో కూడిన వ్యవసాయం. మొదటి ఏడు కంచె మూరెడు ముందుకొస్తుంది. మరుసటి ఏడు ఆ మూరెడు మేరా ఎరువు పడుతుంది. ఆ తరవాత గట్టు వెంబడి నాలుగు అంట్లు నాటుతారు, మొక్కని పీకడం పాపం కదా! ఎదుటి తోటాయన చూస్తూ ఊరుకోడు, ఆయనవీ నాలుగు. లారీ పట్టిన డొంక ట్రాక్టరుకి సరిపోతుంది, తరవాత మోటారు సైకిలుకి, ఆఖరికి మనిషికి. అటు కొమ్మా ఇటు కొమ్మా పైన కలిశాక చల్లటి పందిరి. 2020లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగరేశారు. పైనుంచి చూసే డ్రోనుకి మామిడాకు తప్ప ఏం కనిపిస్తుంది?

"సర్వేయరు గారూ, డొంక ఎక్కడుందండీ?"

"మీరు నిలబడ్డ చోటే ఉందండీ. పక్కకి జరగండి, మొక్క తొక్కుతున్నారు."

చట్టాలు లేవనుకునేరు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం నేటికీ బతికే ఉంది. అందులో ఏడో సెక్షను కింద నోటీసు, ఆరో సెక్షను కింద తొలగింపు. ఈ రెంటి మధ్యలో బి-మెమో అనే ముచ్చటైన కాగితం ఒకటుంది. సర్కారు భూమిని ఆక్రమించినందుకు జరిమానా వేస్తూ ఇచ్చేదది. మనవాళ్లు ఆ జరిమానా శ్రద్ధగా కట్టి, రసీదు బీరువాలో దాచి, పదేళ్లు పోయాక అదే కోర్టులో చూపిస్తారు: ఈ నేల మా స్వాధీనంలో ఉందనడానికి సాక్షాత్తూ తహసీల్దారు గారి సాక్ష్యం అని! 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆ ఏడాదే మన దగ్గర పంచాయతీ ఆస్తుల రక్షణకి 188 నంబరు జీవో వచ్చింది. జీవో వచ్చింది గానీ డొంక రాలేదు.

సర్కారు తలుచుకుంటే కాదా అంటారేమో. తలుచుకుంది ఒకసారి. నూజివీడు ఇవాళ ఉన్న ఏలూరు జిల్లాలోనే 2006లో కొల్లేరు సరస్సులోని అక్రమ చేపల చెరువుల గట్లని పేల్చి పడేశారు. తరవాత చాలా చోట్ల గట్లు మళ్లీ లేచాయి, అది వేరే కథ.

పోనీ అడవిలోంచి గీద్దామా ట్రైలు? 2023లో అటవీ చట్టాన్ని సవరించి సఫారీలు, ఎకో టూరిజం అడవికి పరాయి పనులు కావన్నారు. మరుసటి ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, జూలకీ సఫారీలకీ ముందు మా అనుమతి తీసుకోండంది. ఏమైనా జీపువాడు షికారుకి అడవిలో దిగాలంటే అడగడానికి ఒక చట్టమైనా ఉంది. రైతు తన కాయని తన తోటలోంచి బయటికి తెచ్చుకోవడానికి అడగాల్సింది మాత్రం పక్క తోటాయన్ని. ఆయనతో రెండేళ్లుగా మాటల్లేవు.

అసలు ఈ ప్రాంతంలో ఆఫ్‌రోడ్ వీరులు లేరనుకోవడం మన అజ్ఞానం. ఏప్రిల్, మే నెలల్లో చీకట్నే లేచి చూడండి. పదిహేను లక్షల థార్ దిగడానికి జంకే గోతిలోంచి, అప్పు తీరని ట్రాలీ ఆటో ముప్పై నలభై ట్రేల కాయతో పైకొస్తుంది. ఆటో కూడా పట్టని తోటల్లో కూలీలు చిక్కాలతో కోసి, గంపల్లో పోసి, నెత్తిన పెట్టుకుని తారురోడ్డు దాకా మోస్తారు. నున్న మామిడి మార్కెట్‌లో గంప దించాక, కాయకి మచ్చపడిందని తరుగు తీసేది ఆ కుదుపులకే. గోతికి పన్ను కట్టేది రైతొక్కడే అన్నమాట.

అమెరికాలో ట్రైలు ఎంత కష్టమో చెప్పడానికి పచ్చ గుండ్రం, నీలం చదరం, నల్ల వజ్రం గుర్తులు పెడతారు. మనం కాయతో కొలుద్దాం. చిన్నరసం కాస్త అదిరినా చితుకుతుంది. అది చెక్కుచెదరకుండా వచ్చిందంటే తేలిక దారి. రసం చితికి బంగినపల్లి నిలిచిందా, మధ్యరకం. బయటి ఊళ్లలో తోతాపురి అనే మన కలెక్టర్ కాయ ఒక్కటే బతికి బయటపడితే కఠినం. కలెక్టర్ కాయ కూడా పగిలితే, ఆ తరగతిలో మనతో పోటీకి మోయబ్ కూడా రాలేదు. కలెక్టర్ కాయలు ఏటా ఆ డొంకల్లో తిరుగుతూనే ఉన్నాయి, కలెక్టరు గారే ఇంకా రాలేదు. 2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారాక, మా డొంక ఫైలు ఏ ఊళ్లో ఉందని అడిగే రైతుకి బస్సు మాత్రం మారింది.

కాబట్టి నా ప్రతిపాదన ఖర్చు లేనిది. కొత్త ట్రైలు గీయొద్దు, కన్సల్టెంటు వద్దు, శంకుస్థాపన అసలే వద్దు. మ్యాపులో ఉన్న డొంకకి ఆ మ్యాపులో ఉన్నంత వెడల్పూ ఇవ్వండి, రాళ్లు పాతండి, గ్రావెల్ తోలండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా థార్లు తిరుగుతాయి, టిక్కెట్టు పెట్టుకోండి. మార్చి ఆఖరు నుంచి కాయది.

తోటలున్న పాఠకులకి ఒక మనవి. డొంక కొలవమని మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టండి. సర్వేయరు వచ్చిన రోజున మొదటి గొలుసు మీ కంచె దగ్గరే వేయించండి.