ఎండల్లో హీటరు

బెజవాడలో ఉండేవాడికి కారులో హీటరెందుకు? రోహిణీ కార్తెలో ఎండన నిలబెట్టిన బండి తలుపు తీస్తే చాలు, మొహం మీదికి కొట్టే సెగకి ఏ మీటా తిప్పక్కర్లేదు. మా 2000 మోడల్ మారుతి జెన్‌లో నీలం నుంచి ఎరుపు దాకా జరిగే మీట ఒకటుంది. బండి మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ అది నీలం కొసనే బిగుసుకు కూర్చుంది. పిల్లలు ఆడుకుంటూ అటు తోస్తే వీపు మోగేది. ఇంజను చేయించాం, క్లచ్చి చేయించాం, ఏసీకి ఏటేటా గ్యాసు పట్టించాం. హీటరు మాత్రం ఏనాడూ ఒక్క రూపాయి అడగలేదు. బండి మొత్తంలో ఇంత బుద్ధిమంతమైన భాగం ఇంకోటి లేదనుకుంటుండగా అది కారడం మొదలెట్టింది.

ముందు వాసన వచ్చింది. కంపు కొడితే వెంటనే కనిపెట్టేవాళ్లం. ఇది పాకం పడుతున్నట్టు తియ్యగా ఉంది. ఆత్రేయపురంలో కొన్న పూతరేకుల డబ్బా ఒకటి లెక్క తేలలేదంది మా ఆవిడ. సీట్ల కింద చేతులు పెట్టి వెతికితే ఎప్పటివో టోలు రసీదులు, ఒక గోళీ, మామగారి పాత కళ్లజోడు దొరికాయి. డబ్బా దొరకలేదు. తర్వాత ముందద్దం లోపలివైపు మసకబారింది. గుడ్డ పెట్టి తుడిస్తే పోదు సరికదా, జిడ్డు ఇటు నుంచి అటు సాగుతుంది. రాత్రిపూట ఎదురుబండి లైటు పడిందంటే ఇక రోడ్డు మీద నమ్మకమే దిక్కు.

చివరికి ఎడమ సీటు ముందు కార్పెట్ తడిసింది. అక్కడ కూర్చునేది మా మామగారు, ఎనభై దాటిన మనిషి. ఆయన పంచె అంచు తడిగా కనబడేసరికి బండిలో ఉన్న అందరం ఒక్కసారే కిటికీల్లోంచి బయటికి చూశాం. ఎవరూ ఏమీ అనలేదు.

“నేను కాదర్రా” అన్నారు ఆయనే.

ఎదురింటాయన వచ్చి, ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుపోయి ఉంటుందన్నాడు. నిజమే, అది పూడినా తడిసేది ఆ చోటే. ఏసీ నీళ్లకీ, హీటరులోంచి కారే కూలెంటుకీ (ఇంజన్ని చల్లబరిచే ద్రవానికీ) తేడా తెలియాలంటే తెల్లటి టిష్యూ కాగితం చాలు. ఏసీ నీళ్లైతే రంగూ వాసనా లేకుండా ఇంకి, కాసేపటికి ఆరిపోతాయి. కూలెంటైతే కాగితానికి దాని రంగు అంటుకుంటుంది, వేళ్ల మధ్య జారుతుంది, ఎంతకీ ఆరదు. కొందరు మేస్త్రీలు నాలిక్కి రాసుకుని కూడా చెబుతారు. ఆ శాస్త్రం మాత్రం మనకొద్దు. కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యటి విషం. కారిన చోట నాకి కుక్కలూ పిల్లులూ చచ్చిపోయేది దాంతోనే. మా కాగితం పచ్చబడింది. మామగారు దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు, ఎవరైనా అడిగితే చూపించడానికి.

జవహర్ ఆటోనగర్ మేస్త్రీ బానెట్ ఎత్తి కథ మొత్తం చెప్పాడు. ఇంజను వేడెక్కించిన నీళ్లలో కొంత రెండు రబ్బరు గొట్టాల్లో రేకు గోడ దాటి మన కాళ్ల పైన, డాష్‌బోర్డు వెనకున్న బుల్లి రేడియేటర్లోకి వచ్చిపోతుంది. అదే హీటర్ కోర్. చాలా కార్లలో మీట నీలం మీదున్నా నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. మీట చేసేదల్లా గాలిని దాని మీదికి పోనివ్వకపోవడం. అంటే, మనం వద్దనుకున్నా ఆ భాగం ఇన్నేళ్లూ డ్యూటీలోనే ఉందన్నమాట! పైగా మన దేశంలో పాత బండి తాగినవి ఎన్ని ఊళ్ల నీళ్లని? బంకు దగ్గర కుళాయి, దాబా దగ్గర డ్రమ్ము, పొలం గట్టున బోరు. తుప్పు పట్టకుండా కూలెంటులో వేసిన మందు పలచబడిపోతుంది, బోరునీళ్ల ఉప్పు లోపల గార కడుతుంది. రేకు ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

మేస్త్రీ ఒక్క పని మాత్రం నాకు నచ్చేలా చేశాడు. చూసీ చూడగానే డాష్‌బోర్డు మీద పడలేదు. ఇంజను చల్లారనిచ్చి, రేడియేటర్ మూత తీసి, దాని చోట చేతిపంపు బిగించి, మూత మీద రాసున్న 0.9 దాకా గాలి కొట్టాడు. ముల్లు నిలబడాలి. నిలబడలేదు, తీరుబడిగా దిగుతోంది. గొట్టాల కొసలూ క్లిప్పులూ వేలితో తడిమాడు. అక్కడ కారితే అదృష్టవంతులం. గొట్టం మార్చుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోవచ్చు. అక్కడంతా పొడి. లోపల, సరిగ్గా మామగారి పాదాల చోట, చుక్క తర్వాత చుక్క.

పక్కన టీ తాగుతున్న లారీ డ్రైవరు “గుప్పెడు పసుపు పొయ్యండి సార్” అన్నాడు. నవ్వకండి. పసుపు నీళ్లతో పాటు తిరిగి చిల్లు దగ్గర పేరుకుని మూస్తుందని లారీవాళ్ల లెక్క, అడవి మధ్యలో ఆగిపోయినవాడికి అదే గతి. కాకపోతే ఏది చిల్లో ఏది సన్నటి గొట్టమో పసుపుకి తెలీదు. హీటర్ కోర్‌లో ఉన్నవన్నీ సన్నటి గొట్టాలే.

“అయినా మనకి హీటరెందుకు సార్? ఆ రెండు గొట్టాలూ కలిపేసి బైపాస్ కొట్టేద్దాం” అన్నాడు మేస్త్రీ.

“చేయించెయ్యండి అల్లుడుగారూ. నాకు చేసి పన్నెండేళ్లయింది, ఏమయింది?” అన్నారు మామగారు.

బైపాస్‌లో తప్పేం లేదు. రెండు నోళ్లూ మూసిపారెయ్యకుండా ఒకదానికొకటి కలిపితే ఇంజన్లో నీళ్ల తిరుగుడు ఆగదు, ఖర్చూ గొట్టం ముక్కంతే. కానీ నాకు హీటరు కావాలి. చలికి కాదు, మే నెలకి. నందిగామ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయి, రేడియేటర్ ఫ్యాను మొరాయించి, టెంపరేచరు ముల్లు పైకి పాకుతున్నప్పుడు హీటరూ బ్లోయరూ పూర్తిగా పెట్టి అద్దాలు దించేస్తే, ఇంజను వేడిలో కొంత మన మీదికి మళ్లుతుంది. బండిని పక్కకి తీసుకుని ఆపేదాకా ముల్లు కాస్త ఆగుతుంది. బయట 45 డిగ్రీలు. లోపల ఎంతో థర్మామీటరు తీసి చూసే ఓపిక ఎవరికుంటుంది? ఎండాకాలంలో హీటరు వేసుకుని కూర్చున్న కుటుంబాన్ని పక్క బస్సువాళ్లు చూసే చూపు ఒకటుంది. అది భరిస్తే ఇంజను దక్కుతుంది.

కోరు ఖరీదు తక్కువే, దాని దాకా చేరడానికే కూలీ. కంపెనీలో ముందు దాన్ని గాల్లో వేలాడదీసి తర్వాత చుట్టూ కారు కట్టారని నా అనుమానం. డాష్‌బోర్డు ఊడింది, స్టీరింగ్ కిందికి దిగింది, ప్లాస్టిక్ క్లిప్పులు ముట్టుకుంటే పుటుక్కున విరిగాయి. మళ్లీ బిగించాక బల్ల మీద కొన్ని స్క్రూలు మిగిలితే మేస్త్రీ వాటిని నా చేతిలో పోసి “జాగ్రత్తకని కంపెనీవాడు నాలుగు ఎక్కువ వేస్తాడు సార్” అన్నాడు. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగంసగం కలిపి, మీట ఎరుపు మీద ఉంచి, లోపలి గాలి బుడగలన్నీ పోయేదాకా ఇంజను నడిపించాడు. బుడగ మిగిలిపోతే డాష్‌బోర్డు వెనక గుడగుడమని చప్పుడు వస్తుంది, హీటరు వేస్తే చల్లగాలే వస్తుంది. మాకు ఆ భాగ్యం కలగలేదు. వేడే వచ్చింది.

ఇంత పెట్టాక రాబట్టుకోవాలి కదా. డిసెంబరులో అందర్నీ ఎక్కించుకుని లంబసింగి బయల్దేరాను. ఆంధ్రా కశ్మీర్ అంటారు. చలికాలంలో కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడ సున్నా దగ్గరదాకా దిగుతుంది. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే మంచు అడ్డం పడింది. నేను దర్జాగా హీటరు వేశాను. వెచ్చగా వచ్చింది గాలి, వాసన లేదు, కార్పెట్ పొడి. మెచ్చుకోలు కోసం అద్దంలోంచి వెనక్కి చూశాను.

“ఆపండి దాన్ని” అంది మా ఆవిడ. “ఇంత దూరం వచ్చింది చలి కోసం కాదూ? అద్దాలు దించండి.”

మామగారు తన వైపుది అప్పటికే దించేశారు.