గునపం బావగారు

మా బావగారికి ఓపిక తప్ప అన్నీ ఉన్నాయి. డ్రిల్లింగ్ మిషనుంది, డజను స్పానర్లున్నాయి, బాల్కనీలో ఒక గునపం కూడా ఉంది. అపార్టుమెంటు మూడో అంతస్తులో గునపం దేనికని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సీసా మూత రాకపోతే మూతలో మేకు దిగ్గొడతారు. రిమోటు పలక్కపోతే బ్యాటరీలు మార్చరు, అరచేత్తో రెండు చరుస్తారు. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. అదే ఆయన్ని పాడుచేసింది.

మొన్న ఆదివారం సామర్లకోట నుంచి కాకినాడ వాళ్ళింటికి వెళ్ళేసరికి, తువ్వాలు నడుముకి బిగించి ఫ్రిజ్ ముందు నిలబడున్నారు. ఫ్రీజర్ అడుక్కి రొయ్యల ప్యాకెట్ కరుచుకుపోయింది. పాపం, రొయ్యల తప్పేం లేదు. రాత్రి కరెంటు పోయి, ఐసు కరిగి ప్యాకెట్ కిందికి నీరు చేరింది. కరెంటొచ్చాక ఆ నీరే గడ్డకట్టింది. తలుపు రబ్బరు ఎప్పుడో వదులైంది కాబట్టి సముద్రపు గాలి తేమంతా లోపలికి పోయి, గోడలకి రెండంగుళాల మంచు పేరుకుంది.

"ఏవండీ, స్విచ్చి ఆపి, గిన్నెలో వేణ్నీళ్ళు పెట్టి ఓ ఇరవై నిమిషాలు తలుపు మూద్దామండీ," అంది అక్క.

"ఫ్రిజ్‌లో వేణ్నీళ్ళు పెడతారుటే ఎవరైనా! నువ్వాగు."

ముందు అట్లకాడ. అది వంగింది. తర్వాత స్క్రూడ్రైవరు, దాని నెత్తిన పచ్చడి బండ. "పక్కలు ముందు కదపాలోయ్, అడుగు దానంతటదే వస్తుంది," అని నాకు పాఠం చెబుతూ నాలుగు దెబ్బలు వేశారు. అయిదో దెబ్బకి లోపల్నుంచి "స్స్‌స్" మంది.

"విన్నావా? కిందికి గాలి దూరింది. ఊడిపోతోంది!"

ఊడింది గ్యాసు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడలు వట్టి గోడలు కావు. పల్చటి అల్యూమినియం రేకుల నడుమ గ్యాసు తిరిగే సన్నటి దారులుంటాయి. అక్క పరుగున వెళ్ళి కిటికీలు తీసింది.

మెకానిక్ వచ్చి, వంగి చూసి, "స్క్రూడ్రైవరా సార్, కత్తా?" అన్నాడు, దగ్గే రోగిని డాక్టరు "సిగరెట్టా, బీడీయా?" అని అడిగినట్టు.

"రేకు నాసిరకం అయ్యా," అన్నారు బావగారు.

"ఇందులోది ఆర్600ఏ సార్, మండే గ్యాసు. అగ్గిపుల్ల గీయలేదు కదా?" అంటూ మెకానిక్ నాబ్ మధ్యలో ఉన్న చిన్న బటన్ చూపించాడు. "వారానికోసారి దీన్ని నొక్కుంటే ఐసు దానంతటదే కరిగేది." పన్నెండేళ్ళుగా బావగారు దాన్ని అలంకారమనుకున్నారు.

ఫ్రిజ్ చల్లబరచడం మానేసింది కదా, మధ్యాహ్నం ఒంటిగంటకి ప్యాకెట్ ఎవరూ ముట్టకుండానే ఊడొచ్చింది.

"చూశావా, పొద్దున్న నేను వదులు చేశాను కాబట్టి," అన్నారాయన.

ఇగురు బ్రహ్మాండంగా కుదిరింది. తిని బయల్దేరుతుంటే అక్క ఆ గునపాన్ని తెచ్చి నా బండికి కట్టించింది.