ముద్దాయి: మట్టి

మలప్పురం జిల్లా కూరియాడువద్ద 2025 మే 19న 66వ జాతీయ రహదారి కట్ట కూలి, ప్రక్కనున్న సర్వీసురోడ్డుమీది కార్లపై పడుటకు కారణము, ఆ బరువును అడుగునేల భరింపలేకపోవుటయే యని హైవేల సంస్థవారు కేరళ హైకోర్టుకు నివేదించిరి. గుత్తేదారును, కన్సల్టెంటును టెండర్లనుండి వెలివేసిరి, నిజమే. కాని అసలు దోషి పేరు బయటపడినపిమ్మట దానిని బోనెక్కింపకుండుట న్యాయమా?

పేరు? మట్టి. ఇంటిపేరు? బురద. నివాసము? వరిమడి. "ఎప్పటినుండి తడియుచున్నావు?" అని ప్లీడరు గద్దింపగా, "ఏటేట వానాకాలమున, అయ్యా, నాట్లు వేయువారి నడుగుడు" అని ముద్దాయి వినయముగా మనవిచేసెను.

పిమ్మట, వేరొకచోట వంతెన చివర, ఇట్టి కట్టలను నిలుపుటకు మట్టిలో పట్టీలు పరచి బిగించు గోడవెనుకనే పాతుకొని వంతెనను మోయుచున్న పైలను స్తంభమును సాక్షిగా పిలిచిరి. ఎండకు వంతెన సాగినప్పుడును, లారీలు బ్రేకు వేసినప్పుడును తాను ప్రక్కకు త్రోయబడుచుందుననియు, అప్పుడు ముందున్న మట్టిమీదనే ఆనుకొని నిలుతుననియు, గోడకును తనకును నడుమ తన వ్యాసమునకు సుమారు నాలుగురెట్ల యెడమున్నచో ఆ ఆసరా తగ్గదని యూటాలో ఇంజనీర్లు పైళ్లను నిజముగనే త్రోసిచూచి తేల్చిరనియు, అనగా మీటరు పైలుకు నాలుగు మీటర్లనియు, అంతకన్న చేరువైనకొలది తగ్గు బలమును లెక్కకట్టవలసినది మట్టి కాదు, మనుష్యుడనియు అది ప్రమాణము చేసి చెప్పెను. ముద్దాయిమీద ఆనుకొని బ్రతుకు సాక్షి మాట చెల్లదని కోర్టువారు త్రోసిపుచ్చిరి. పాపము, త్రోపుడు దానికి అలవాటే.

1960లలో ఈ గోడల విద్యను లోకమున కందించిన ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ విదాల్‌ను రెండవ ముద్దాయిగా చేర్చుమని ప్లీడరు కోరెను. ఆయన పట్టీలు గోడలోని మట్టిని బిగించునే గాని, గోడక్రింది నేలను గట్టిపరుపవని ఎవరో గొణిగిరి, రికార్డు కెక్కలేదు. తీర్పు: మట్టి ఇకపై వానాకాలమునందు పొడిగా నుండవలెను.

చాలును ఈ నాటకము! బోరు వేసి నమూనా తీసినచో మట్టి అబద్ధమాడదు. తన సత్తువ యెంతో అణాపైసలతో చెప్పును. అడిగితిరా? అడిగినచో ఏమి విని కట్ట లేపితిరి? అడుగనిచో ఏ ధైర్యముతో లేపితిరి? ఆ కార్లలోనివారు మట్టిని నమ్మి ఆ గోడనీడన పోలేదయ్యా, కాగితముమీది మీ సంతకమును నమ్మి పోయిరి. ఆ కాగితము ఏ బీరువాలో నున్నదో తీసికొని రండు. సంతకము క్రిందనున్న పేర్లు బంట్రోతు గట్టిగా పిలుచును.